పొద్దున్నేటి తిన్నావురా?

చచ్చి సాధించడమంటే ఏమిటో మొన్న మావయ్య పెద్దకర్మ భోజనాల దగ్గర కళ్ళారా చూశాను. మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి పెద్దకర్మ అంటే గారెలు, బూరెలు. పోయినవాడు ఎంత పిసినారి అయినా ఆ పూట విస్తట్లో బూరె పడి తీరాలి. పడకపోతే కులం ఊరుకోదు, పోయినవాడి ఆత్మ ఊరుకోదు అంటారు. ఖరగ్‌పూర్ వచ్చి మూడు తరాలైనా మావాళ్ళు ఈ ఒక్క విషయంలో రాజీ పడలేదు. ఆ రోజు విస్తళ్ళు వేశారు, నీళ్ళు చల్లుకున్నాం. వడ్డించేవాడు వచ్చి నా విస్తట్లో గుప్పెడు మొలకెత్తిన పెసలు వేశాడు. వెనకాలే కీరదోస ముక్కలు వచ్చాయి. ఆ తరవాత స్టీలు గ్లాసులో ఉప్పు లేని చోడి అంబలి, అదే రాగి అంబలి, వచ్చింది. ఇంక ఏమీ రాలేదు.

నా పక్కన ఒక బెంగాలీ దాదా కూర్చున్నాడు. పాపం, పొద్దుటి నుంచీ కడుపు ఖాళీగా ఉంచుకుని వచ్చినట్టున్నాడు. "మిష్టి కఖన్ ఆస్బే?" అని నన్ను మెల్లిగా అడిగాడు. మిఠాయి రాదు దాదా, పోయినాయన ఒప్పుకోడు అని చెప్పాను. ఆయన నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వి, ఇంకాసేపు వంటింటి వైపు చూశాడు.

వేళాకోళం కాదు. మావయ్య పోయే ముందు పెళ్ళాం చేత ఒట్టు వేయించుకున్నాడట. నా పేరు చెప్పి ఎవడూ నూనె ముట్టకూడదు, ముట్టితే నాకు ముక్తి లేదు అని. ఆ మహాతల్లి మాట నిలబెట్టుకుంది. మా ఆవిడ ఇంటికొచ్చే దాకా పళ్ళు బిగబట్టి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ నోరు విప్పింది. "బతికున్నన్నాళ్ళూ మన పొయ్యి మీద కన్నేసినాడు. సచ్చినాక విస్తర మీద కూసున్నాడు. ఈయన్ని ఏ నూనెలో ఏపుతారో యముడి కాడ" అంది. ఆ రాత్రి మేం పకోడీలు వేసుకుని తిన్నాం. నాకు షుగరుంది, అయినా తిన్నాను.

మావయ్య మా అందరికీ మావయ్యే. సొంత పేరు ఉండే ఉంటుంది. మేమప్పుడుండే పూరీ గేటు పేట చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరూ దాన్ని పలకగా నేను వినలేదు. రిటైరైన ఇంజిన్ డ్రైవరు. సర్వీసంతా ఒక్క మెడికల్ కూడా ఫెయిలవకుండా దిగినవాడు. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి పెద్ద మెడికల్ ఉంటుంది. కళ్ళు, బీపీ, గుండె, షుగరు అన్నీ చూస్తారు. అందులో తేడా వస్తే ఇంజిన్ దింపేస్తారు, ఏదో ఆఫీసులో మూల కుర్చీ ఇస్తారు. నలభై దాటిన ప్రతి డ్రైవరూ ఆ మెడికల్ పేరు చెబితే లాగూ తడుపుకుంటాడు. మావయ్య ఒక్కడే మెడికల్‌కి పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళి వచ్చేవాడట. అందుకని రిటైరయ్యాక ఆయన తనంత తానే మా అందరికీ తిండి ఇన్‌స్పెక్టరుగా చార్జి తీసుకున్నాడు.

మనిషి ఈనుపుల్లలా ఉండేవాడు. పొద్దున్నే రైల్వే గ్రౌండులో గేటు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. నడవడానికి వచ్చినవాడు ఎవడైనా ముందు ఆయన్ని దాటి వెళ్ళాలి. వెళుతుంటే చొక్కా మీంచి పొట్ట పట్టుకుని రెండు వేళ్ళతో నులిమేవాడు. కందిపోయేలా నులిమేవాడు. తరవాత కుడి చెయ్యి లాక్కుని వాసన చూసేవాడు.

"ఒరే, పొద్దున్నేటి తిన్నావురా?"

"ఇడ్లీ మావయ్యా."

"ఎన్ని?"

"రెండు."

"అబద్దం. నాలుగు. నీ బుగ్గలు సెప్తన్నాయి. నెయ్యి కూడా ఏసుకున్నావు."

నిజంగానే నాలుగు. నెయ్యి కూడా నిజమే. పొద్దున్న ఏటి తిన్నావో సెప్పు, నీకింకా ఎన్నేళ్ళు సర్వీసుందో నేను సెప్తాను అనేవాడు. ఎదురుగా వచ్చే తెలియని మనుషుల్ని కూడా వదిలేవాడు కాదు. ఒకసారి బ్యాంకులో పనిచేసే లావుపాటి పెద్దమనిషి ఒకాయన పొట్ట ముందుకేసుకుని ఆయాసపడుతూ వస్తుంటే, "దాదా, ఆప్‌కా పేట్ ఆగయా, ఆప్ కబ్ ఆయేంగే?" అన్నాడు. మీ పొట్ట వచ్చేసింది, మీరెప్పుడొస్తారు అని. చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాం. ఆ పెద్దమనిషి పక్కన ఆయన కోడలు కూడా ఉంది. మర్నాటి నుంచి ఆయన మళ్ళీ ఆ గ్రౌండులో కనబడలేదు. కనబడలేదేమిటి మావయ్యా అని ఎవరో అడిగితే, బతకాలని లేనోణ్ణి నేనేటి సేస్తాను అని చేతులు దులుపుకున్నాడు.

తను తినేటప్పుడు చూడాలి. గిన్నెలో మొలకలు, పక్కన అంబలి. ఒక్కొక్క పిడికెడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని నమిలేవాడు. ఎంతసేపు నమిలేవాడంటే, చూసేవాడికి దవడలు నొప్పెట్టేవి. ఆ టైములో ఎవరూ మాట్లాడకూడదు. పక్కనే నిలబడ్డ అత్త, అంటే ఆయన భార్య, ఆయన మింగే దాకా గ్లాసు పట్టుకుని అలాగే ఉండేది. ఆవిడ తిండీ అదే. ఆవిడ పుట్టింటి వాళ్ళు మినపరొట్టెలు తెస్తే, అవి గుమ్మం దాటి లోపలికి రావడం నేనెన్నడూ చూడలేదు.

నాకు ఆయన మీద పీకల దాకా కోపం వచ్చింది మా పెళ్ళిరోజున. మా ఆవిడ తెల్లారకుండా లేచి మినపగారెలు వేసింది. నేనూ ఇంజిన్ డ్రైవర్నే, రాత్రి డ్యూటీ దిగి స్నానం చేసి పీట మీద కూర్చున్నాను. ఇంకా ఒక గారె తుంపనేలేదు. మావయ్య వచ్చాడు. వాసన పట్టి వచ్చాడో ఏమో. పలకరింపు లేదు, పాడు లేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గారెల గిన్నె ఎత్తుకుని, క్వార్టరు వెనక గోడ దగ్గరికి వెళ్ళి అటుపక్క తిరుగుతున్న ఆవుకి కుమ్మరించేశాడు. మా ఆవిడ చేతిలో చిల్లులగరిటె అలాగే ఉంది.

"అమ్మా, నువ్వు ఈడికి టిపిను పెట్టట్లేదు. బతికుండగానే పిండం పెడతన్నావు. తాడు నిలబడాలని ఉందా లేదా?" అన్నాడు.

పెళ్ళిరోజున ఒక ఆడమనిషితో అనే మాటేనా అది. మా ఆవిడ గరిటె నూనెలో పడేసి పడక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను ఆయన్ని బయటికి పొమ్మనలేదు. ఎందుకు అనలేదంటే, ఆ వారమే ప్రైవేటు లాబులో రక్తం ఇచ్చి వచ్చాను, షుగరు బాగా ఎక్కువుందని తేలింది. నా పెద్ద మెడికల్ ఏడాది లోపే ఉంది. ఆ సంగతి మా ఆవిడకే తెలుసు. మావయ్యకి ఎలా తెలిసిందో దేవుడికెరుక.

నాకు ఇంజిన్ అంటే ఎంత పిచ్చో ఇక్కడ చెప్పాలి. మా నాన్న ఇక్కడి వర్క్‌షాపులో సర్వీసంతా ఇంజిన్లకి బోల్టులు బిగించాడు, ఒక్కనాడు నడపలేదు. నేను ఎక్స్‌ప్రెస్ మీద ఎక్కిన మొదటి రోజు ఆయన ప్లాట్‌ఫారం చివరికి వచ్చి నిలబడి, నేను హారన్ కొడితే ఏడ్చాడు. ఆ కుర్చీలో కూర్చుని, వెనక అన్ని పెట్టెలు లాక్కుంటూ తెల్లవారుజామున పచ్చ సిగ్నల్ తరవాత పచ్చ సిగ్నల్ దాటుకుంటూ పోతుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది. బంగారం, ఇల్లు, ప్రమోషన్, ఏదీ. ఆ కుర్చీ పోతే నేను బతికి ఏం చెయ్యాలో నాకు తెలియదు. అందుకని గారెల కోపం మింగి, మర్నాడు గ్రౌండుకి వెళ్ళి మావయ్య కాళ్ళు పట్టుకున్నాను.

"నా మాట ఇంటావా?" అన్నాడు.

"ఇంటాను మావయ్యా."

"సగం ఇంటే లాభం లేదు. మొత్తం ఇనాలి."

విన్నాను. పొద్దున్న మెంతుల నీళ్ళు, కాకరకాయ రసం. నడక. తరవాత చోడి అంబలి, మొలకలు. ఇడ్లీ లేదు, అట్టు లేదు, ఉప్మా లేదు. బెంగాలీ వాళ్ళ ముడి, అదే మన మరమరాలు, అవీ లేవు. పూరీ గేటు దగ్గర కచోరీలు వేసే కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఊపిరి బిగబట్టుకుని వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ ఏడుస్తూ అంబలి కాచేది. "ఇది కుడితి కాదా? గొడ్డుకి పోసినట్టు పోస్తన్నాను నా మొగుడికి" అనేది. బయటి డాక్టరు ఇచ్చిన మాత్ర కూడా వేసుకునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, షుగరు దిగింది. పొట్ట దిగింది. మావయ్య నులుముదామంటే వేళ్ళకి ఏమీ దొరకని రోజు వచ్చింది. ఆ రోజు ఆయన నా భుజం తట్టాడు. ఆ గ్రౌండులో ఎవరి భుజమూ ఆయన తట్టగా నేను చూడలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మెడికల్ రోజు వచ్చింది. పొద్దున్నే రైల్వే ఆసుపత్రిలో ఖాళీ కడుపుతో రక్తం ఇచ్చాను. దాంట్లో ఏమీ తేడా రాదని నాకు తెలుసు. అసలు గండం రెండోది. టిఫిను తిని, రెండు గంటలయ్యాక మళ్ళీ రక్తం ఇవ్వాలి. ఆ ఒక్క టిఫిను మీద డ్రైవరు బతుకు ఆధారపడి ఉంటుందంటే బయటివాళ్ళు నవ్వుతారు గానీ, ఆసుపత్రి బయట చెట్ల కింద కూర్చున్న డ్రైవర్ల మొహాలు చూస్తే నవ్వు రాదు. ఒకడు చట్నీ లేకుండా ఒక ఇడ్లీ అంటాడు. ఒకడు గుడ్డులో తెల్లసొన మాత్రమే అంటాడు. ఇంకొకడు ఏమీ తినకుండా తిన్నానని చెప్పేస్తానంటాడు. నాకు మాత్రం మాత్ర ఇచ్చిన డాక్టరు ముందే చెప్పాడు. మాత్ర వేసుకున్నాక కడుపునిండా తినాలి, మాడకూడదు అని. మా ఆవిడ డబ్బాలో ఇడ్లీలు, పప్పు పెట్టి పంపింది. నేను మాత్ర వేసుకుని డబ్బా మూత తీశాను.

మావయ్య ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వచ్చి డబ్బా లాక్కుని మూత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి గుప్పెడు పెసలు నా చేతిలో పోశాడు.

"ఇది తిను. నడువు."

"మాత్ర ఏసుకున్నాను మావయ్యా. తినమని డాక్టరు సెప్పినాడు."

"డాక్టరు ఎప్పుడైనా ఇంజిన్ నడిపినాడేటి? ఇన్నాళ్ళు మాడినావు, ఈ రెండు గంటలకి ముంచుకుంటావా? తిన్నదంతా కాళ్ళలోంచి దిగిపోవాల. నడువు."

నడిచాను. పూరీ గేటు దాకా, అక్కణ్ణించి వెనక్కి, మళ్ళీ పూరీ గేటు దాకా. ఎండెక్కింది. నా ఇడ్లీలు ఆయన చంకలో నా పక్కనే నడుస్తున్నాయి. మొదట చెమట పట్టింది. తరవాత వేళ్ళు వణకడం మొదలైంది. తరవాత ఎదురుగా వచ్చే ఆటోలు రెండేసి కనబడ్డాయి.

"మావయ్యా, కాళ్ళు వణుకుతున్నాయి. ఏదో అయిపోతంది నాకు."

"వణకనీ. అది నువ్వు కాదు, నీ సుగరు సచ్చిపోతా వణుకుతోంది."

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగి ఒక టీ ఇమ్మన్నాను. కొట్టువాడు గ్లాసు అందించాడు. మావయ్య వేలితో గ్లాసు తోసేశాడు. టీ నా కాళ్ళ మీద పడింది. కాలిందో లేదో కూడా నాకు తెలియలేదు. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆసుపత్రి దాకా లాక్కొచ్చి, లోపలికి తోసి, తను గేటు బయటే ఉండిపోయాడు. రక్తం ఇచ్చే కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరున్నారు. ఆ తరవాత నాకు గుర్తున్నది నోట్లో రక్తం రుచి, చేతిలో గుచ్చిన సూది, పైన వేలాడుతున్న గ్లూకోజు సీసా.

రైల్వే డాక్టరు మంచివాడు, కేకలెయ్యలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఇక్కడ పడ్డారు కాబట్టి లేపాం, ఇంజిన్ హ్యాండిల్ దగ్గర పడితే వెనకున్న జనాన్ని ఎవరు లేపుతారు అన్నాడు. మళ్ళీ పరీక్షలన్నారు, బోర్డన్నారు, ఆఖరికి ఇంజిన్‌కి పనికిరాడని తేల్చారు. షుగరు ఎక్కువై ఫెయిలయినవాళ్ళు మా డివిజన్‌లో బోలెడంతమంది ఉన్నారు. తక్కువై ఫెయిలయిన వెధవని నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇప్పుడు నేను డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే లాబీలో కూర్చుంటాను. డ్యూటీ ఎక్కబోయే కుర్రడ్రైవర్ల చేత మిషన్లోకి ఊదించి, తాగలేదని రాసుకుని, ఇంజిన్ ఎక్కడానికి పంపిస్తాను.

మావయ్య ఏం చేశాడు? నేను పడిపోయానని తెలియగానే నా ఇడ్లీల డబ్బా గేటు కాపలావాడి చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు గ్రౌండులో అందరి ముందూ, ఆడు దొంగసాటుగా జిలిపీలు తిన్నాడు, సుగరు నెత్తికెక్కి పడిపోయినాడు అని చెప్పాడట. జిలిపీలంటే ఇక్కడి జిలేబీలు. ఆ మర్నాడూ చెప్పాడట. కొత్తగా ఎవడైనా గ్రౌండుకి వస్తే నా కథ చెప్పి, ఆడిలాగ అవకు అనేవాడట. మా ఆవిడ ఆ వీధిలో ఇంక ఒక్క పూట కూడా ఉండనంది. క్వార్టరు వదిలేసి ఊళ్ళోనే ఝపటాపూర్‌లో అద్దె ఇంటికి మారిపోయాం. గ్రౌండు వైపు నేను మళ్ళీ వెళ్ళలేదు. మావయ్యకి నిజం చెప్పే ధైర్యం అక్కడ ఎవడికీ లేదు, చెబితే ముందు వాడి పొట్ట నులుముతాడు కదా.

కొన్నేళ్ళు గడిచాయి. మావయ్యకి పక్షవాతం వచ్చిందని, కుడివైపు పడిపోయిందని లాబీలో ఎవరో అన్నారు. నాకు జాలి కలగలేదు. భయం వేసింది. ఈయన నోరు పూర్తిగా పడిపోయే లోపు చెప్పాలి అని. లేకపోతే నన్ను జిలిపీల దొంగగానే తలుచుకుంటూ హాయిగా పోతాడు, నా ఇంజిన్ తీసింది తనేనని తెలియకుండానే పోతాడు. ఆ అన్యాయం నేను భరించలేననిపించింది. మా ఆవిడకి కూడా చెప్పకుండా ఒక పొద్దున్న పూరీ గేటుకి వెళ్ళాను. పలకరించడానికి కాదు. ఆ మాట ఆయన గుండెలో దింపి, ఆయన మొహం చూసి రావడానికి వెళ్ళాను.

అత్త తలుపు తీసింది. మావయ్య మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. ఒక కన్ను నీరు కారుతోంది. నన్ను గుర్తుపట్టాడు.

"జిలిపీల దొంగవి కదూ" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "నేను ఏ జిలిపీ తిన్లేదు మావయ్యా. నువ్వు పోసిన గుప్పెడు పెసలు తప్ప ఆ పొద్దు నా కడుపులో ఏటీ పడలేదు. సుగరు పెరిగి పడలేదు నేను. అది దిగిపోయి పడినాను. మాత్ర ఏసుకున్నోణ్ణి మాడ్చి, ఎండలో తిప్పినావు. నా ఇంజిన్ తీసింది నువ్వు. ఆ సంగతి తెలిసి సావు."

అత్త గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మావయ్య బాగున్న కంట్లో కూడా నీళ్ళు తిరిగాయి. తగిలింది అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, అన్నేళ్ళలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఎంత?" అన్నాడు.

"ఏటెంత?"

"సుగరు. ఎంతకి దిగింది?"

"నలభై రెండు."

ఆయన పెదవులు ఆ అంకెని మెల్లిగా పలికాయి. బాగున్న చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చి మంచం పట్టీ మీద కొట్టింది.

"ఏమే, ఇన్నావేటే? నలభై రెండంట. నా సేతి మీద నలభై రెండుకి దిగినాడు. ఈ ఖరగ్‌పూర్‌లో ఏ డాక్టరు దించినాడే అంతకి?" వంకరపోయిన నోటితోనే నవ్వాడు. చొంగ కారుతుంటే అత్త వచ్చి తుడిచింది. నా చెయ్యి అందుకుని, ఆ ఈనుపుల్లల వేళ్ళతో గట్టిగా నొక్కాడు. "ఒరే, నిన్ను దొంగవనుకున్నాన్రా ఇన్నాళ్ళూ. కాదు. అందర్లోకీ నువ్వొక్కడివే నా మాట మొత్తం ఇన్నావు. మనం నెగ్గినాంరా."

చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చేశాను. అత్త నా వెనకాలే వీధిలోకి వచ్చింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"మంచం పట్టినాక ఇయ్యాలే నవ్వినాడు బావు. నీకు పున్నెముంటాది. మళ్ళీ రా" అంది.

వస్తానన్నాను. లోపల ఆయన పక్కింటివాళ్ళని పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఆ అంకె చెప్పడానికి.